ఏకాంబరం చూపుడువేలు

మూడోసారి తేలిన మడ్డిని ఏకాంబరం జల్లిగరిటెతో పెనం అంచుకు తోసి, ఎత్తి, పక్కనున్న రేకుడబ్బాలో దులిపాడు. పసరు రంగులో ఉన్న చెరుకురసం ఇప్పుడిప్పుడే తేనెరంగుకు తిరుగుతోంది. పొయ్యి నోటి దగ్గర కూర్చున్న మునిరత్నమ్మ ఎండిన పిప్పిని మంటలోకి తోస్తూ ఉంది. మంట ఎక్కువైతే అతను ఏమీ అనడు, గరిటెతో పెనం అంచున ఒకసారి కొడతాడు. తగ్గితే రెండుసార్లు కొడతాడు. పదిహేనేళ్ళుగా పనిలో వాళ్ళిద్దరి మధ్య మాట అంతే.

ఐరాల నుంచి కాణిపాకం పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉంది ఆ బెల్లం షెడ్డు. పైన తాటాకు పోయి రేకులు వచ్చాయి, ఎద్దుల గానుగ పోయి కరెంటు గానుగ వచ్చింది. పెనం మాత్రం పెనమే. రసం మరిగి, మడ్డి తేలి, నురగ పొంగి, పాకం ముదరడానికి మూడు గంటలు పడుతుంది. ఆ మూడు గంటలూ పాకం చూసే మనిషి అక్కడే నిలబడాలి. నిమిషం ముందు దించితే బెల్లం గట్టిపడదు, నిమిషం ఆలస్యమైతే మాడుతుంది.

ఏకాంబరానికి యాభై నాలుగేళ్ళు. చూడగానే గుర్తుండే మనిషి కాదు. ముంజేతుల నిండా పాకం చుక్కలు పడి కాలిన తెల్లమచ్చలు. కనుబొమలు ఆవిరికి సగం రాలిపోయాయి. ఊళ్ళో పెళ్ళికి పోతే ఇతను భోంచేశాడో లేదో ఎవరికీ పట్టదు. పెనం దగ్గర మాత్రం ఇతని మాటకు ఎదురు లేదు. మరిగే పాకం చుక్క నీళ్ళముంతలో వేసి, వేళ్ళ మధ్య ఉండ చేసి చూసి, దించమంటే దించాల్సిందే. ఆ ఉండను కూడా అతను బొటనవేలితో, నడిమివేలితోనే చేస్తాడు. కుడిచేతి చూపుడువేలు మధ్య కణుపు దగ్గర పక్కకు తిరిగిపోయి ఉంటుంది. అది మిగతా వేళ్ళతో కలవదు.

తొమ్మిదింటికి గిరిప్రసాద్ కారు వచ్చి ఆగింది. షెడ్డు అతనిది, చుట్టూ ఉన్న చెరుకుతోటా అతనిదే. ఇద్దరూ ఒకప్పుడు ఊరి బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. ఇప్పుడు అతను ఇతన్ని 'రా' అంటాడు, ఇతను అతన్ని 'నాయుడూ' అంటాడు. ఇద్దరికీ అది అలవాటైపోయింది.

గిరిప్రసాద్ కారు దిగకుండానే అద్దం దించి పిలిచాడు. "రేయ్ ఏకాంబరం! రాత్రి శఠగోపం అయివోర్ని తిరుపతి నుంచి ఇంటికి తెచ్చేసినారంట రా. డాక్టర్లు ఇంక మా చేతిలో లేదన్నారంట. ఆయన కొడుకు పరాశర్ ఇప్పుడే ఫోను చేసినాడు."

ఏకాంబరం చేతిలోని గరిటె ఆగిపోయింది. "మాట్లాడతా ఉండాడా?"

"మాటెక్కడిది? అప్పుడప్పుడూ కండ్లు తెరస్తా ఉండాడంట. నేను పోతా ఉండా. నువ్వీ పెనం దించేసి వచ్చెయ్యి. నువ్వంటే ఆయనకు ఎంత పానమో నీకు తెలీందేముండాది?"

"సరే నాయుడూ. దించేసి వస్తా."

కారు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. ఏకాంబరం పెనం వైపు తిరిగాడు. నురగ అంచుదాకా పొంగింది. నాలుగు ఆముదం చుక్కలు చల్లితే అణిగింది.  చిన్నప్పుడు బడిలో పాఠం చెప్పిన ఆ అయ్యవారు పోతారని అతనికి భయం లేదు, ఎనభై రెండేళ్ళ మనిషి. చెప్పకుండానే పోనిస్తానేమో అన్నది భయం. నలభై రెండేళ్ళుగా ఒక మాట చెప్పాలి, దానికి ఇంక ఒక పూట మాత్రమే మిగిలింది.

ఆ మాట ఇది. తన వేలు విరగ్గొట్టింది అయ్యవారు కాదు.

అప్పుడు ఏకాంబరానికి పన్నెండేళ్ళు. బెల్లం కాలం వస్తే వాళ్ళ నాయన వాణ్ణి బడి మాన్పించి గానుగ ఎద్దుల వెనక తిప్పేవాడు. వారం రోజులు బడికి రాకపోయేసరికి శఠగోపం అయ్యవారు నామం పెట్టుకున్న నుదురుతో, తెల్లపంచెతో, నేరుగా గానుగ దగ్గరికే వచ్చాడు. పదిమంది కూలీల ముందు వాళ్ళ నాయనను నిలబెట్టి, "నీ కొడుకు బతుకు ఈ పొయ్యిలో పెడతా ఉండావు, నీకు సిగ్గు లేదా?" అన్నాడు. నాయన తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. ఆ అవమానం మాత్రం ఆయన లోపల దిగబడిపోయింది.

మరునాడు ఏకాంబరం బడికి పోయాడు. ఇన్ని రోజులు రానందుకు అయ్యవారు బెత్తంతో అరచేతి మీద ఒకే ఒక దెబ్బ వేశాడు. పిల్లవాడు అది సాయంత్రానికే మరిచిపోయాడు. ఆ తర్వాతి రోజు పొద్దున, బడికి పోకముందే, గానుగ దూలానికి గొలుసు తగిలిస్తుంటే ఎద్దులు అదాటున లాగాయి. గొలుసు కొక్కీలో చూపుడువేలు పడి కటుక్కుమంది. నాయన గుడ్డపీలిక చుట్టి, వాణ్ణి చెయ్యి పట్టుకుని బడికి ఈడ్చుకుపోయాడు. దారిలో ఒకటే చెప్పాడు. "ఎవురడిగినా అయివోరు కొట్టినాడని చెప్పు. ఇంకో మాట నీ నోట్లో నుంచి వస్తే సంపేస్తా."

పది రోజులకు పంచాయతీ సమితి ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. బడి వసారాలో కుర్చీ వేసుకుని, ఊరి పెద్దల ముందు పిల్లవాణ్ణి పిలిచి, వేలు ఎట్లా విరిగిందని అడిగాడు. "అయివోరు కొట్టినాడు" అన్నాడు ఏకాంబరం. అన్నాక తలెత్తి అయ్యవారి వైపు చూశాడు. ఆయన కోప్పడతాడనుకున్నాడు, అబద్ధం అంటాడనుకున్నాడు. ఆయన వచ్చి పిల్లవాడి ముందు గొంతుకూర్చుని, కట్టు కట్టిన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, "నొప్పి తగ్గిందా రా?" అని అడిగాడు. తర్వాత అధికారితో అన్నాడు. "నిజమే సార్. ముందురోజు ఒక దెబ్బ వేసినాను. అంత గట్టిగా తగిలిందని నాకే తెలీలేదు."

ఆయన నమ్మేశాడు. అదీ జరిగింది. ఒక పిల్లవాడు అట్లా అబద్ధం చెప్తాడని ఆయనకు తోచనే లేదు. తన చెయ్యే అదుపు తప్పిందనుకున్నాడు. కాగితం మీద సంతకం పెట్టాడు. జిల్లా ఆ చివరన సత్యవేడు దాటి ఎక్కడో అడవి అంచు ఊరికి బదిలీ చేశారు. ఆయన మళ్ళీ బెత్తం పట్టలేదని తర్వాతెప్పుడో ఎవరో చెప్పుకుంటుంటే ఏకాంబరం విన్నాడు. ఇతని చదువు ఆ ఏడుతోనే ఆగిపోయింది. నాయన గెలిచాడు.

రిటైరయ్యాక అయ్యవారు ఐరాలకే వచ్చి చిన్న ఇల్లు కట్టుకున్నాడు. వచ్చిన వారంలోనే ఏకాంబరాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. అప్పటికి నాయన పోయి, ఉన్న రెండెకరాలూ పోయి, ఇతను ఎవరు పిలిస్తే వాళ్ళ పనికి పోతున్నాడు. ఆయన ఇతని చెయ్యి పట్టుకుని, వంకర వేలి మీద బొటనవేలితో నిమిరి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నా చేత్తో చేసిన పాపంరా ఇది" అన్నాడు. ఆ నిమిషంలో చెప్పి ఉంటే సరిపోయేది. ఏకాంబరం చెప్పలేదు. వారం తిరగకుండా ఆయన గిరిప్రసాద్‌తో మాట్లాడి బెల్లం షెడ్డులో పని ఇప్పించాడు. "వాడి చెయ్యి నావల్ల పోయింది, వాణ్ణి సూసుకో" అన్నాడట. ఆ పని మీదే ఏకాంబరం పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు ఆడపిల్లల్ని పెంచాడు. అబద్ధం అన్నం పెట్టడం మొదలుపెట్టాక దాన్ని కాదనడం ఇంకా కష్టమైంది.

ప్రతి ఏడూ మొదటి పెనం బెల్లం ఒక ముద్ద అయ్యవారింటికి తీసుకుపోయేవాడు. ప్రతిసారీ ఆయన ముందు చెయ్యి పట్టుకునేవాడు, వేలు చూసేవాడు, ఆ తర్వాతే కూర్చోమనేవాడు. నాలుగేళ్ళ కిందట అతను అది ఇంక ఓర్చుకోలేకపోయాడు. బెల్లం గిరిప్రసాద్ డ్రైవరు చేత పంపడం మొదలుపెట్టాడు. పని తీరలేదని చెప్పించేవాడు.

పదకొండు దాటాక మొదటి పెనం దించారు. పాకం దోనెలోకి జారి, తెడ్డు కింద మెల్లగా గట్టిపడింది. గుడ్డ పరుచుకుని ముద్దలు చుట్టారు. మునిరత్నమ్మ చేతులు కడుక్కుంటూ, "పో అన్నా, ఇంక బయలుదేరు" అంది. ఏకాంబరం తొట్టి వైపు చూశాడు. పొద్దున ఆడిన రసం ఇంకా రెండు పెనాలకు ఉంది. మధ్యాహ్నం దాటితే పులుస్తుంది.

"రెండోది ఎక్కించి పోతా" అన్నాడు.

"ఎక్కిచ్చినాంక దించేదాకా పోలేవు గదా. నేను సూసుకుంటాలే."

"నీకు పాకం పట్టుబడదు."

"పదైదేండ్లుగా నీ పక్కనే కూసోనుండా. పట్టుబడకేం?"

అతను రసం తెచ్చి పెనంలో పోశాడు. పెనం వదలకూడదనేది నిజమే. ఆ రోజు ఆ నిజం అతనికి బాగా అక్కరకొచ్చింది. మునిరత్నమ్మ అతని ముఖంలోకి ఒకసారి చూసి, మళ్ళీ పొయ్యి దగ్గర కూర్చుంది.

చెప్తే ఏమవుతుంది? అతను మడ్డి తీస్తూ అదే ఆలోచించాడు. పని పోతుందా? పోదు, పాకం చూసే మనిషి ఇప్పుడు ఎవరికీ దొరకడు. ఊళ్ళో నాలుగు రోజులు అనుకుంటారు. అది కాదు అతని భయం. ఆ ముసలాయన కళ్ళు తెరిచి, ఇన్నేళ్ళూ నువ్వు నన్ను ఏడిపించావా అని చూస్తే? ఆ చూపు తనకు తప్పదు, అయినా దాన్ని ఇంకో పెనం దూరం జరపాలనిపించింది. చెప్పకుండా ఉంటే ఆయన తనను ప్రేమిస్తూనే పోతాడు. అట్లా పోనిస్తే మాత్రం తను మనిషి కాదు. ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి పొంగుతుంటే అతను గరిటె తిప్పుతూనే ఉన్నాడు.

ముందు మునిరత్నమ్మకే వాసన వచ్చింది. "అన్నా! అన్నా, మాడతా ఉండాది!"

అతను ఉలిక్కిపడ్డాడు. పాకం నల్లగా తిరిగి, మధ్యలో పెద్ద పెద్ద బుడగలు వేస్తూ పగులుతోంది. ఇద్దరూ కలిసి పెనం దించేసరికి చేదు పొగ షెడ్డంతా నిండింది. ఏకాంబరం చేతిలో పెనం మాడటం అదే మొదటిసారి. అతను ఆ నల్లటి పాకాన్ని కాసేపు చూస్తూ నిలబడ్డాడు.

"పో అన్నా" అంది మునిరత్నమ్మ, ఈసారి గట్టిగా. "నీ పానం ఈడ లేదు. మూడోది నేను సూస్తా, సెడిపోతే సెడిపోనీ."

అతను కాళ్ళూ చేతులూ కడుక్కుని, గోడకు తగిలించిన చొక్కా వేసుకుని, టీవీఎస్ బండి తీశాడు. అప్పటికి మూడు దాటింది.

దారంతా నోట్లో అదే మాట నమిలాడు. ఎక్కడ మొదలుపెట్టాలి? 'తప్పు చేసినా అయివోరూ' అని మొదలుపెడితే ఆయన ఏ తప్పు అంటాడు. నేరుగా 'మీరు కొట్టలేదు' అంటే చాలు. ఒక్క వాక్యం. పన్నెండేళ్ళప్పుడు ఒక్క వాక్యంతో పాడుచేసింది, ఇప్పుడు ఒక్క వాక్యంతో సరిచెయ్యాలి. ఐరాల సంత దగ్గర లారీ అడ్డమొస్తే హారను కొడుతూ గట్టిగా తిట్టాడు. అతను ఎవర్నీ తిట్టే మనిషి కాదు.

ఇంటి ముందు జనం లేరు, చెప్పులు లేవు. ఏకాంబరం గుండె నెమ్మదించింది. అయ్యవారు ఇంకా ఉన్నాడు. గిరిప్రసాద్ భోజనానికి పోయాడు. కొడుకు పరాశర్ పెరుమాళ్ళ గుడి నుంచి తీర్థం తేవడానికి పోయాడు. తిరుపతిలో దేవస్థానం ఆఫీసులో పనిచేసే ఆ కొడుకే రాత్రి తండ్రిని వ్యానులో తెచ్చుకున్నాడు. లోపల గదిలో అయ్యవారి భార్య గోదాదేవి ఒక్కతే మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది.

"ఎవురు నాయనా?"

"ఏకాంబరాన్నమ్మా."

"నువ్వా? రా అప్పా, రా. పొద్దున్నించి గిరిప్రసాద్ చెప్తానే ఉండాడు నువ్వొస్తావని." ఆమె లేచి అతనికి చోటిచ్చింది.

మంచం మీద ఆ మనిషి సగమయ్యాడు. నుదుట నామం తాజాగా పెట్టారు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఒక ఊపిరి వస్తుంది, చాలాసేపటికి ఇంకొకటి. కళ్ళు సగం తెరిచి పైకప్పు వైపు చూస్తున్నాయి. దుప్పటి బయట ఉన్న కుడిచెయ్యి పొడుగ్గా, తెల్లగా, నరాలు తేలి ఉంది. తన చెయ్యి కనిపిస్తే ఆయన పట్టుకుంటాడేమోనని ఏకాంబరం మొదట చేతులు వెనక్కి దాచుకున్నాడు. తర్వాత తనే ముందుకు వంగి ఆ చెయ్యి పట్టుకుని, నేల మీద మోకాళ్ళు ఆనించి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టాడు.

"నాయనా, ఆయనకు..." అని గోదాదేవి ఏదో అనబోయింది. అప్పటికే అతను మొదలుపెట్టేశాడు. ఆపితే మళ్ళీ రాదని అతనికి తెలుసు.

"అయివోరూ, నేను ఏకాంబరాన్ని. మీరు నా వేలు ఇరగ్గొట్టలేదు. గానుగ కాడ ఎద్దులు లాగితే గొలుసులో పడి ఇరిగింది. మా నాయన చెప్పమంటే అట్ల చెప్పినా. మీరేసిన దెబ్బకు వాపు గూడా రాలేదయ్యా. మీ తప్పు రవ్వంత గూడా లేదు. నలభై రెండేండ్లుగా చెప్పల్లనుకుంటా ఉండా. నోరు రాలేదు. మీరు ఏడస్తా ఉంటే గూడా సూస్తా ఊరికే ఉన్నా. నన్ను తిట్టండి అయివోరూ. తిట్టి పోండి."

ఊపిరి ఒకటి వచ్చింది. కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి.  ఏకాంబరం ఏడుస్తున్నాడు. ఏడుపులో కూడా అతనికి తేలికగానే అనిపించింది, ఎన్నాళ్ళో మోసిన మూట దించినట్టు.

"ఏమంటివి?" అంది వెనక నుంచి గోదాదేవి.

అతను తిరిగి చూశాడు. ఆమె ముక్కాలిపీట పట్టుకుని నిలబడి ఉంది.

"ఆయనకు వినపడదు నాయనా. రెండేండ్లయింది. చెవిలో మిషను పెట్టకపోతే పిడుగు పడినా వినపడదు. అదే చెప్పబోయినాను. ఆయనకు కాదు, నాకు చెప్పు. మళ్ళా చెప్పు."

అతను చెప్పాడు. ఈసారి ఆమె కాళ్ళ వైపు చూస్తూ చెప్పాడు. గొలుసు, నాయన, సమితి అధికారి, అన్నీ వరసగా వచ్చాయి. ఆమె ఎక్కడా ఆపలేదు. అయిపోయాక అతని చెయ్యి లాగి, వంకర వేలు వెలుతురులోకి తిప్పి చూసింది. 

"మేము ఆ అడివిలో ఉన్నప్పుడు మా పరాశర్ అక్షరాభ్యాసం చేసినాము" అంది. గొంతు చాలా మామూలుగా ఉంది. "పళ్ళెంలో బియ్యం పోసినాము. తండ్రి ఒళ్ళో కూచోబెట్టుకోని చెయ్యి పట్టి రాయించాల గదా. ఒకరి బిడ్డ వేలు ఇరిసిన చెయ్యి, నా బిడ్డ చెయ్యి పట్టుకోబాకు అన్నాను నేను. మా అన్న చేత రాయించినాను. ఈయన తలుపు కాడ నిలబడి చూసినాడు. ఇన్ని పిల్లోళ్ళకు అక్షరాలు దిద్దించిన మనిషి, కన్నకొడుక్కు ఒక్క అక్షరం..." ఆమె ఆగిపోయింది. "ఎందుకు అట్ల అన్నావని నన్ను ఒక్క మాట గూడా అనలేదప్పా. న్యాయమే అన్నాడు."

ఏకాంబరానికి నేల మీద నుంచి లేవాలనిపించలేదు. తను చేసింది ఒక బదిలీ అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆ మాట ఆయన వెంట ఇంట్లోకి కూడా పోయిందని, పళ్ళెంలో బియ్యం దాకా పోయిందని అతనికి ఎవరు చెప్తారు?

గోదాదేవి ఒక్కసారిగా కదిలింది. కిటికీ గట్టు మీదున్న స్టీలు గ్లాసులో చెయ్యి పెట్టి గోధుమరంగు మిషను తీసింది, చిక్కుడుగింజంత ఉంది అది. దాన్ని తిప్పి, ఏదో నొక్కి, మంచం దగ్గరికి వచ్చింది. తొందరలో అది చెవిలో కూర్చోలేదు. మిషను కీచుమని కూసింది. ఆమె మళ్ళీ పెట్టింది. "చెప్పు" అంది. "ఇప్పుడు చెప్పు, గట్టిగా చెప్పు. నువ్వు చెప్పినాంక నేనూ చెప్పల్ల ఒక మాట. తొందరగా!"

"అయివోరూ!" ఏకాంబరం అరిచాడు. "నేను ఏకాంబరాన్ని. మీరు..."

ఆపి చూశాడు. ఆమె కూడా చూసింది. రావలసిన ఊపిరి రాలేదు. ఇద్దరూ దాని కోసం కాచుకున్నారు. చాలాసేపు కాచుకున్నారు. పైకప్పు వైపున్న కళ్ళలో మార్పేమీ లేదు. అతను గోదాదేవికి చెప్తున్నప్పుడు ఆయన పోయాడో, మిషను పెడుతున్నప్పుడు పోయాడో ఇద్దరికీ తెలియదు. ఇద్దరూ ఆయన ఊపిరిని గమనించకుండా తమ మాటల్లో ఉన్నప్పుడే ఎప్పుడో ఆయన వెళ్ళిపోయాడు.

పరాశర్ తులసితీర్థం ఉన్న వెండిగిన్నె పట్టుకుని వచ్చేసరికి అమ్మ అయ్యవారి కుడిచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నలభై ఐదేళ్ళు దాటిన ఆ కొడుకు గడప దగ్గరే నిలబడిపోయాడు. "రారా" అంది ఆమె. "వచ్చి మీ నాయన చెయ్యి పట్టుకో." అతను వచ్చి పట్టుకున్నాడు. ఎందుకు చెప్పిందో అతనికి తెలియదు. ఏకాంబరం చూడలేక బయటికి వచ్చేశాడు.

పొద్దు వాలేసరికి వసారా నిండిపోయింది. అయ్యవారికి స్నానం చేయించి, కొత్త పంచె కట్టి, చాప మీద పడుకోబెట్టారు. దహనం తెల్లవారాక అన్నారు. పాత శిష్యులు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు, చిత్తూరు నుంచి, రేణిగుంట నుంచి. ఒక్కొక్కరూ పూలదండ వేసి, ఒక మాట చెప్పుకుని కూర్చుంటున్నారు. లెక్కలు ఎట్లా చెప్పేవాడో ఒకరు చెప్పారు. రిటైరైన ఒక తాలూకాఫీసు గుమాస్తా గొంతు సవరించుకుని, "దేవుడట్లాంటి మనిషి. ఆ ఒక్క వేలు సంగతి తప్ప ఆయన మీద వేలెత్తి చూపేదానికి ఏముండాది?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. శఠగోపం అయ్యవారే ఆ కథ అందరికీ చెప్పుకున్నాడు గదా, కొత్తగా వచ్చిన ప్రతి అయ్యవారికీ, బెత్తం పట్టకండి, నా చేత్తో ఇట్లా జరిగిందని.

మూల స్తంభం పక్కన నిలబడ్డ ఏకాంబరం ముందుకు వచ్చాడు. పదిమందిలో నోరు తెరిచింది అతను అప్పుడు బడి వసారాలో ఒకసారి, ఇప్పుడు ఇంకోసారి.

"అయివోరు నా వేలు ఇరగ్గొట్టలేదు" అన్నాడు. "అది గానుగ కాడ ఇరిగింది. నేను అబద్ధం చెప్పినా. మా నాయన చెప్పమన్నాడు, చెప్పినా. ఆయన తప్పు లేదు."

 గిరిప్రసాద్ లేచి వచ్చి అతని భుజాల చుట్టూ చెయ్యి వేశాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సూసినారా? శిష్యుడంటే వీడప్పా! పోయినాయన మీద మచ్చ ఉండగూడదని నింద నెత్తినేసుకుంటా ఉండాడు. రేయ్, నేను ఆ పొద్దు ఆడనే ఉంటి గదరా. నువ్వు చెప్పింది నేను ఇనలేదా?"

"అదే అబద్ధం నాయుడూ. ఆ చెప్పిందే..."

"సరేలే, సరేలే. ఏడవబాకు." అతను ఏకాంబరం తలను తన భుజానికి ఆనించుకున్నాడు. ఎవరో ఆడమనిషి ముక్కు చీదింది. గుమాస్తా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఇంత ప్రేమ సంపాదించుకున్నాడంటే ఆయన ఎంత పుణ్యాత్ముడో" అన్నాడు.

ఏకాంబరం గిరిప్రసాద్ చెయ్యి తోసేసి గడప వైపు చూశాడు. గోదాదేవి అక్కడే కూర్చుని అంతా విన్నది. ఆమె చెప్తే నమ్ముతారు. అతను ఆమె వైపు చూస్తూనే ఉన్నాడు. ఆమె నోరు విప్పాలంటే వేలు సంగతి దగ్గర ఆగదు, పళ్ళెంలో బియ్యం దాకా పోవాలి, తండ్రి పక్కన తల వంచుకుని కూర్చున్న కొడుకు ముందు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.  కాసేపటికి జనం వేరే మాటల్లో పడ్డారు, రేపటికి కట్టెలు ఎవరు తోలుతారు, వ్యాను ఎన్నింటికి రావాలి అని.

"ఏకాంబరం" అన్నాడు ఎవరో, "ఊరికే నిలబడినావు గదా, లోపల ఆ మంచం తెచ్చి బయట ఎయ్యి."

అతను లోపలికి పోయాడు. గది కడిగేశారు. నేల ఇంకా తడిగా ఉంది. అయ్యవారి తల ఉన్న చోట ఒక దీపం పెట్టి, మంచాన్ని గోడకు నిలబెట్టారు. అతను మంచం కోడు పట్టుకుని ఎత్తబోతుండగా సన్నటి చప్పుడు వినిపించింది. దోమ అనుకున్నాడు. చుట్టూ చూశాడు. స్నానానికి ముందు అయ్యవారి చెవిలోంచి తీసిన మిషనును ఎవరో ఆపకుండానే మళ్ళీ గ్లాసులో వేశారు. ఎక్కడ నొక్కితే ఆగుతుందో అతనికి తెలియదు. మంచం భుజానికెత్తుకుని, గడప తగలకుండా తల వంచి, బయటికి నడిచాడు. కిటికీ గట్టు మీద స్టీలు గ్లాసులో, ఆపేవాళ్ళు లేక, ఆ గోధుమరంగు మిషను సన్నగా కూస్తూనే ఉంది.